తొందరపడి చెప్పిన సాక్ష్యం

కోరుట్ల,
7 సెప్టెంబర్ 2025, ఆదివారం

ముత్తక్కకు తమ్ముడు సామేలు వందనాలు.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. మా ఇల్లు రెండు గదులే కదా. ఫోనులో ఏం మాట్లాడినా ఇటు నీ మరదలు మంజులకు, అటు పిల్ల ప్రీతికి వినబడుతుంది. ప్రీతి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఇప్పుడు అది మాట కంటే మాట వెనక ఉన్నదాన్ని ముందు వింటోంది. అందుకే దాని నోటుబుక్కులోంచి కాగితాలు చింపుకొని, స్కూలు షెడ్డులో బస్సు పక్కన కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా ఫోను చేయకు. స్కూలు చిరునామాకే ఉత్తరం రాయి, వాచ్‌మెన్ నా చేతికే ఇస్తాడు.

పోయిన నెల వాగులో బస్సు ఆగిపోయిన సంగతి నీకు తెలిసిందే. రుద్రంగి దారిలో లోలెవల్ వంతెన మీదికి నీళ్లు వచ్చాయి. నడిమధ్యలో ఇంజను ఆగింది. బస్సులో ముప్పై ఒక్క మంది పిల్లలు, ఆయా సత్యవ్వ, నేను. ఊరివాళ్లు తాళ్లు కట్టి ట్రాక్టరుతో లాగారు. ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు. మా సంఘంలో స్తుతి కూడిక పెట్టి నాకు శాలువా కప్పారు. స్కూలు నడిపే అభిలాష్ సారు మా సంఘపెద్ద కూడా, ఆయన అందరికీ బిర్యానీ పెట్టించాడు. అందరూ తిన్నారు. నాకు ముద్ద దిగలేదు.

ఆ రోజు నుంచి నేను నేనుగా లేను. పొద్దున బస్సు తాళం చేతిలోకి తీసుకోగానే అరచేతులు చల్లబడతాయి. సీటు ఎక్కితే ఊపిరి సగంలోనే ఆగుతుంది. ఇక పోతున్నాను, ఇదే ఆఖరు అనిపిస్తుంది. జగిత్యాల పోయి చూపించుకున్నాను. ఈసీజీ తీశారు. "నీ గుండె గట్టిగున్నది. నీకున్నది భయం" అన్నాడు డాక్టరు. గోళీలు రాశాడు, మనసు సంగతులు చూసే డాక్టరు దగ్గరికి కూడా పొమ్మన్నాడు. నేను పోలేదు. నడుము నొప్పని చెప్పి సెలవు పెట్టాను. నా రూటులో ఇప్పుడు వెంకటి నడుపుతున్నాడు.

కళ్లు మూసుకుని ప్రార్థన చేయలేకపోతున్నాను అక్కా. మూస్తే నీళ్లే. నువ్వు చేయి. నీళ్లంటే ఉన్న ఈ భయం పోవాలని చేయి.

బావకు వందనాలు. మరమగ్గాల సాంచెలు నడుస్తున్నాయా?

నీ తమ్ముడు
సామేలు


సిరిసిల్ల,
12 సెప్టెంబర్ 2025

తమ్మీ,

ప్రభువు కృప మీ ఇంటిమీద ఉండాలి. నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు చూస్తే నాకే సిగ్గనిపించింది. పదో తరగతి పాసైనవాడివి, కోడి గెలికినట్టు రాశావు. నేను వాక్యం చదువుకోవడం కోసం ముప్పై ఏళ్లు దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నావే నయం.

ఇక్కడ వానకు తునికాకు అంతా మెత్తబడింది. బీడీ చుట్టబోతే చినుగుతోంది. మీ బావ సాంచె వారంలో నాలుగు రోజులు నడుస్తోంది, మూడు రోజులు ఆయన ఇంట్లో కూర్చుని నాకు పనులు చెబుతున్నాడు.

ఇక నీ సంగతి. సామేలూ, దేవుడు నిన్ను నీళ్లలోంచి తీసి ఒడ్డున పెట్టాడు. ఒడ్డున కూర్చుని ఇంకా వణుకుతావా? ముప్పై ఒక్క మంది పిల్లలను కాపాడినవాడికి నీ ఒక్కడి గుండె ఎంత? నిండు ప్రేమ ఉన్నచోట భయానికి చోటు లేదని వాక్యం చెప్పడం లేదా? భయం ఉందంటే ఎక్కడో ప్రేమ తక్కువైందన్నమాట. విశ్వాసం గట్టిగా పట్టుకో. ఏడు శుక్రవారాలు ఉపవాసం ఉండు, నేనూ ఉంటాను. గోళీల మీద ఆధారపడకు.

మా స్త్రీల కూడికలో నీ కోసం విన్నపం పెట్టాను. పేరు చెప్పలేదు, 'మా తమ్ముడు' అన్నాను అంతే. ఉన్నది నువ్వొక్కడివే కాబట్టి పేరు చెప్పినట్టే అయింది, ఏం చేయను? ఇరవై మంది ఆడవాళ్లు మోకాళ్ల మీద ఉన్నారు నీ కోసం. తగ్గగానే నాకు రాయి. విన్నపం పెట్టినవాళ్లే లేచి సాక్ష్యం చెప్పాలి కదా, ఆ బాకీ నా మీద ఉంది.

మంజులకు, ప్రీతికి నా ముద్దులు.

అక్క
ముత్తమ్మ


కోరుట్ల,
21 సెప్టెంబర్ 2025

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం చదివాను. నువ్వు రాసింది నిజమే. నాలో ఏదో తక్కువైంది. దాన్ని సరిచేసుకున్నాను.

ఇప్పుడు బాగున్నాను. నిద్ర పడుతోంది. మొన్న శుక్రవారం ఉపవాసం ఉన్నాను. మీ ప్రార్థనలు పనిచేశాయి. నా గురించి ఇక రంది పెట్టుకోకు. దసరా సెలవులు కాగానే బండి ఎక్కుతాను.

ఇవాళ మా వాడంతా బతుకమ్మ సందడి. పక్కింటి రాజలక్ష్మి గునుగుపూలు మా గోడ మీదే ఆరబోసింది. ప్రీతి వాళ్లతో పోయి పూలు కట్టి వచ్చింది. మంజుల ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

సెలవు తీసుకుంటాను.

సామేలు


సిరిసిల్ల,
29 సెప్టెంబర్ 2025, సోమవారం

నా బంగారు తమ్మీ,

స్తోత్రం, స్తోత్రం. నీ ఉత్తరం చేతికి వచ్చినప్పుడు బీడీల చాట ఒళ్లో ఉంది. చాట పక్కనపెట్టి గుమ్మంలోనే మోకరించాను. మీ బావ కరెంటు షాకు కొట్టిందేమో అనుకుని చెప్పులు లేకుండా ఉరికి వచ్చాడు.

నిన్న ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. నేనెప్పుడూ రెండు మాటలు చెప్పి కూర్చునేదాన్ని. నిన్న నోరు ఆగలేదు. నిన్ను నీళ్లలోంచి ఎట్లా తీశాడో, ఆ తర్వాత సైతాను నిన్ను భయంతో ఎట్లా కట్టేశాడో, ఇరవై మంది ఆడవాళ్ల ప్రార్థనకు ఆ కట్లు ఎట్లా తెగాయో అన్నీ చెప్పాను. ఈసారి పేరు కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా గాజుల కోసం దాచుకున్నది కృతజ్ఞత అర్పణగా వేశాను.

మా పాస్టరు గారు అంతా రాసుకున్నారు. దసరా రోజున మీ కోరుట్లలో కూడికలకు ఆయనే ప్రసంగానికి వస్తున్నారు, అక్కడ కూడా చెబుతానన్నారు. మీ అభిలాష్ సారు కూడా వింటాడు. ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదు.

చూశావా, నేను చెబితే వినవు గానీ.

నీ అక్క
ముత్తమ్మ


కోరుట్ల,
7 అక్టోబర్ 2025

అక్కా,

నీకు కోపంగా రాయాలని కూర్చున్నాను. కోపం కూడా రావడం లేదు. ఒంట్లో భయం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

నేను బాగుపడలేదు. అది అబద్ధం. నీ ఉత్తరం చదివాక నాకు చెప్పుకునే చోటు లేకుండా పోయింది, అందుకే బాగుపడ్డానని రాశాను. నువ్వు దాన్ని తీసుకుపోయి సంఘంలో నిలబెట్టావు. దసరా నాడు మీ పాస్టరు గారు వేదిక మీద నా పేరు చెప్పారు. జనమంతా వెనక్కి తిరిగి చూశారు. మంజుల కళ్లనీళ్లు పెట్టుకుంది. అభిలాష్ సారు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "దేవుడు నిన్ను బాగుచేసిండు. ఇగ సెలవు ఎందుకు? సోమవారం నుంచి నీ రూటు నీకే" అన్నాడు. కాదని ఎట్లా చెప్పను? కాదంటే నువ్వు అబద్ధమాడినట్టు, మీ పాస్టరు అబద్ధమాడినట్టు, దేవుడు చేయలేదన్నట్టు.

నిన్న బండి తీశాను. సాయంత్రం పిల్లలను దింపే ట్రిప్పులో వంతెన కనబడింది. ఎండగా ఉంది, రోడ్డు పొడిగా ఉంది. నా చేతులు స్టీరింగు మీద నిలవలేదు. ఇవతలే బండి ఆపేశాను. కాళ్లు కొట్టుకుంటున్నాయి, ఊపిరి అందడం లేదు. పిల్లలు ఆట అనుకుని నవ్వారు. సత్యవ్వ వాళ్లను సీట్లలో కూర్చోబెట్టి, వెంకటికి ఫోను చేసి, వాడు వచ్చేదాకా నా పక్కన మెట్టు మీద కూర్చుంది. సారుకు మాత్రం డీజిలు పైపులో గాలి పట్టిందని చెప్పాను. మరో అబద్ధం.

పిల్లలు పోయాక ఆ వాగు ఒడ్డునే చాలాసేపు కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. మంజుల ఫోను మీద ఫోను చేస్తే లేచి వచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇది మంజులకు కూడా తెలియదు.

నాకు నీళ్లంటే భయం కాదు అక్కా. ఆ రోజు నాకు నీళ్లు కనబడ్డాయి. వంతెన మీద ఎర్రగా పారుతున్నాయి, పక్క రాళ్లు కనబడటం లేదు. "సామేలూ, ఆపు. పెద్ద రోడ్డు మీదికెల్లి తిరిగి పోదాం" అంది సత్యవ్వ. తిరిగి పోతే ముప్పావుగంట ఎక్కువ పడుతుంది. ఆరింటికి సంఘంలో కూడిక, నేను డోలక్ వాయించాలి. అంతకు ముందు రోజు కూడా కొంచెం నీళ్లలో దాటాను కదా అనుకుని పోనిచ్చాను. దేవుని పాటకు ఆలస్యమవుతుందని ముప్పై ఒక్క మంది పిల్లలను నీళ్లలోకి తోలాను. వాళ్ల అరుపులు నీకు తెలియవు.

తర్వాత నాకు శాలువా కప్పారు. సత్యవ్వ ఒక్కత్తే దూరంగా నిలబడి చూసింది. "నీ తప్పు నువ్వే చెప్పుకో. నేనైతే చెప్ప" అంది, అంతే.

నాకు భయం దేవుడంటే. ఆయన చూశాడు. ఏమీ అనడం లేదు. అనడం లేదంటే శిక్ష దాచి పెట్టాడు. ప్రీతి బడికి పోతుంటే అనుకుంటాను, దీని మీద వేస్తాడేమో అని. మంజుల దగ్గితే అనుకుంటాను, దీని మీదనేమో అని.

చిన్నప్పుడు పటేలు దూడను నేను పోగొట్టిన రోజు నీకు గుర్తుందా? తొమ్మిదేళ్లవాణ్ణి. మక్కచేనులో దాక్కున్నాను. నాయన కట్టె పట్టుకుని వెతకడం చేను సందుల్లోంచి చూశాను, చూసి ఇంకా లోపలికి పోయాను. తెల్లారి ఇంటికి వస్తే నాయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి లోపలికి పోయాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కొడితే అయిపోయేది. కొట్టలేదు. ఎప్పుడు కొడతాడో అని ఆయన చచ్చిపోయేదాకా ఎదురుచూశాను. ఇప్పుడూ అట్లాగే ఉంది.

ప్రేమ ఉన్నచోట భయానికి చోటు లేదని రాశావు. నాలో భయం తప్ప ఏమీ లేదు. మరి నేను ఎక్కడున్నట్టు?

సామేలు


సిరిసిల్ల,
9 అక్టోబర్ 2025

సామేలూ, నా తమ్మీ,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మీ బావ చేతికిచ్చి పొద్దటి బస్సుకు పంపుతున్నాను. నువ్వు చదివేదాకా అక్కడే కూర్చోమన్నాను. చదివాక కూడా రెండు రోజులు మీ ఇంట్లోనే ఉంటాడు. సాంచె బందైందని వచ్చానంటాడు, నమ్మినట్టు ఉండు. నువ్వు ఒక్కడివే వాగు దగ్గరికి పోవద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను, పోవద్దు.

ముందు ఒక సంగతి చెప్పనీ. నువ్వు ముప్పై రెండేళ్లుగా ఒక తప్పు మోస్తున్నావు. దూడ పోగొట్టిన తప్పు కాదు. నాయనను తప్పుగా అనుకున్న తప్పు. అప్పుడు నేను తొలికాన్పుకు ఇంటికి వచ్చి ఉన్నాను, అన్నీ కళ్లతో చూశాను. నీకు తెలుసనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

నాయన చేతిలో కట్టె నీకోసం కాదురా. మక్కచేనుల్లో పాములు. ఆ యేడే మన వాడలో ఒక పిల్ల పోయింది. నువ్వు కనబడటం లేదని తెలియగానే ఆయన అన్నం ముందు నుంచి లేచాడు. మొదట పటేలు దగ్గరికి పోయాడు. "దూడ సంగతి తర్వాత. పోరడు దొరికితే సాలు, ఈ యేడంత ఉత్తగనే జేస్త" అన్నాడు. తర్వాత చేను చేను తిరిగి నిన్ను పిలిచాడు. 'సామేలూ, కొట్టనంటే కొట్ట బిడ్డా, రా' అని పిలిచాడు. ఇంట్లో మాకు వినబడుతూనే ఉంది. నీకెందుకు వినబడలేదంటే, నక్కల కూతలకు భయపడి రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని పడుకున్నానని నువ్వే తర్వాత అమ్మకు చెప్పావు.

తెల్లారేసరికి ఆయన గొంతు పోయింది. నువ్వు వాకిట్లోకి వచ్చినప్పుడు నోరు తెరిచాడు, మాట రాలేదు. ఏడుపు నీకు కనబడొద్దని లోపలికి పోయాడు. అమ్మ మూడు రోజులు మిరియాల కషాయం పోసింది. మాట్లాడక కాదు, మాట్లాడలేక. గొంతు వచ్చేసరికి ఆ ముచ్చట పాతదైపోయింది. నాయనకు అసలే మాటలు తక్కువ. ఆ యేడంతా పటేలు పొలంలో పని చేశాడు, నీకు చెప్పొద్దన్నాడు.

తమ్మీ, నేను పాస్టరమ్మను కాను, బీడీలు చేసుకునేదాన్ని. నాకు తెలిసింది రాస్తాను. దేవుడు ఏమీ అనడం లేదంటే దాచి పెట్టాడని ఎవరు చెప్పారు నీకు? నీ తప్పు ఆయన చూశాడు. వాగులో ఇంజను ఆగినప్పుడు కూడా చూస్తూనే ఉన్నాడు, చూస్తూనే ఆ ట్రాక్టరును పంపాడు. మన తప్పులకు తన కొడుకునే ఇచ్చుకున్నవాడు ప్రీతి మీద పగ తీర్చుకుంటాడా? అట్లా తీర్చుకునేవాడైతే నేను ఈ ముప్పై ఏళ్లు ఎవరికి మొక్కినట్టు?

నేను నీకు రాసిన వాక్యం తలకిందులుగా రాశాను. నీలో ప్రేమ నిండితే నీకు భయం ఉండదని రాశాను. అది నీ ప్రేమ సంగతి కాదు, ఆయన ప్రేమ సంగతి. వణికే పిల్లను తల్లి ఒళ్లోకి తీసుకుంటుంది గానీ వణుకు ఆపినాక రమ్మంటుందా? అంత తెలిసి కూడా అట్లా ఎందుకు రాశానో చెప్పనా? నీ మొదటి ఉత్తరం చదివి నేను హడలిపోయాను. ఆ రోజు నేను చుట్టిన బీడీల్లో సగం కార్ఖానా వాళ్లు పక్కన పారేశారు, అంత వదులుగా చుట్టాను. నీకు ఏమైనా అవుతుందేమో అన్న భయం నాలో ఉండటం నేను భరించలేక, నీ భయాన్ని తిట్టాను. బాగుపడ్డానని నువ్వు రాయగానే ఎగిరి సాక్ష్యం చెప్పాను. అది దేవునికి చెప్పింది కాదు, నా ధైర్యానికి చెప్పుకున్నది.

తప్పు మాత్రం తప్పే. ఆ పిల్లల తల్లిదండ్రులకు నువ్వు చెప్పాలి. మొదలు మంజులకు చెప్పు. బస్సు మాత్రం ముట్టకు. జగిత్యాల డాక్టరు పొమ్మన్న చోటికి పో, గోళీలు వేసుకో. నేను వద్దన్నది తెలివితక్కువతనం.

ఆదివారం నేనూ లేచి నిలబడతాను.

అక్క


సిరిసిల్ల,
13 అక్టోబర్ 2025

తమ్మీ,

నువ్వు మంజులకు చెప్పావని మీ బావ వచ్చి చెప్పాడు. ఆమె రోజంతా మాట్లాడలేదని, సాయంత్రం నీ పళ్లెంలో అన్నం పెట్టి పక్కన కూర్చుందని కూడా చెప్పాడు. నా మరదలు మంచిది. నేను ముందే చెప్పానా లేదా?

నిన్న సాక్ష్యాల సమయంలో లేచాను. "పోయిన నెల నేను చెప్పిన సాక్ష్యం తప్పు. మా తమ్మునికి భయం పోలేదు. నేనే తొందరపడ్డ. నాకు గూడ భయమైతుంది" అన్నాను. నీ తప్పు సంగతి చెప్పలేదు, అది చెప్పుకోవలసింది నువ్వు. మా సంఘంలో సాక్ష్యం వెనక్కి తీసుకున్నవాళ్లు ఇప్పటిదాకా ఎవరూ లేరు. పాస్టరు గారు పాటల పుస్తకం తెరిచారు, మూశారు. ఆయన ముఖం చిన్నబోయింది, నాకూ బాధనిపించింది.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక ముసలామె లేవకుండానే అంది, "నా కొడుకు దుబాయి పోయిన కాడికెల్లి నాకు పొద్దుగూకితే భయం. మూడుసార్లు తగ్గిందని సాక్ష్యం జెప్పిన. తగ్గలే." ఇంకొకామె సాంచె కింద చెయ్యి పడిన తన భర్త గురించి చెప్పింది. చప్పట్లు లేవు. పాట కూడా లేదు. చాలాసేపు ఎవరి చోట వాళ్లు కూర్చుని ఏడ్చారు. పాస్టరు గారు దిగివచ్చి మా మధ్య కింద కూర్చున్నారు. ఆఖరుకు, "తండ్రీ, మాకు భయమైతుంది" అని ఒక్క మాట ప్రార్థన చేశారు. నా జన్మలో అంత పొట్టి ప్రార్థన వినలేదు, అంత నెమ్మది కూడా ఎన్నడూ లేదు.

నువ్వు చెప్పే రోజు ఏదో రాయి. ఆ రోజు నేను పని పెట్టుకోను, మోకాళ్ల మీద ఉంటాను.

అక్క
ముత్తమ్మ


కోరుట్ల,
26 అక్టోబర్ 2025, ఆదివారం

అక్కకు నీ సామేలు వందనాలు.

పోయిన శనివారం, పద్దెనిమిదో తారీకున చెప్పేశాను. నీకు రాయడానికి వారం పట్టింది. ఏమనుకోకు.

ముందు అభిలాష్ సారుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఈ ముచ్చట ఇక్కడనే ఉండనియ్యి" అన్నాడు. ఉండనివ్వలేనని చెప్పాను. శనివారం పేరెంట్ల మీటింగులో నిలబడ్డాను. సత్యవ్వ వచ్చి నా వెనక గోడకు ఆనుకుని నిల్చుంది. నీళ్లు కనబడ్డాయని, ఆమె ఆపమన్నదని, నేను ఆపలేదని, డోలక్ వాయించడానికి ఆలస్యమవుతుందని పోనిచ్చానని, అన్నీ చెప్పాను. తర్వాత ఒకాయన తిట్టాడు, ఇంకొకాయన మీదికి వచ్చాడు. వాళ్లను తప్పు పట్టను. ఆ రోజు బస్సులో ఉన్న ఇద్దరు బిడ్డల తల్లి, ఊర్మిల అని, లేచి ఒక్కటే అడిగింది, "నీకు నీళ్లు కనవడ్డయా?" అని. "కనవడ్డయి అక్కా" అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

ఉద్యోగం పోయింది. సంఘంలో డోలక్ కూడా కొన్నాళ్లు వద్దన్నారు. పోలీసు కేసు పెడతామని కొందరు అంటున్నారు, పెట్టొచ్చు. గేటు చప్పుడైతే ఇప్పటికీ లేచి నిలబడుతున్నాను. మార్కెట్ యార్డులో మక్కల లారీలకు లోడింగు పనికి పోతున్నాను. జగిత్యాలలో మనసు డాక్టరును కలిశాను, ఆవిడ నన్ను అరగంట మాట్లాడనిచ్చింది. భయం ఒక్కరోజులో పోదని, వస్తుంది పోతుంది అని చెప్పింది.

నీ ఉత్తరం బావ ముందే చదివాను. ఆయన పడుకున్నాక పెరట్లోకి పోయి నిలబడ్డాను. కళ్లు మూయలేదు. 'నాయనా' అన్నాను. మన నాయనను పిలిచానో, ఆ తండ్రిని పిలిచానో నాకే తెలియదు. ఏమీ వినబడలేదు. కానీ అక్కా, ఆ ఏమీ వినబడకపోవడం కోపంలాగా అనిపించలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి. చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. ఊపిరి నిండుగా వచ్చింది. మళ్లీ తెల్లారి భయం వచ్చింది, కాదనను. కానీ ఎవరి దగ్గరికి పోవాలో తెలిసి వచ్చింది.

మొన్న శుక్రవారం సాయంత్రం గేటు చప్పుడైంది. చూస్తే ఊర్మిల. మంజుల నాకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఊర్మిల లోపలికి రాలేదు. "పిల్లలు నిద్దట్ల ఒర్రుకుంట లేస్తున్నరు. ఏం గాదు, దేవుడు కాపాడిండు, భయపడద్దని అందరం చెప్తున్నం. నమ్ముతలేరు. నువ్వచ్చి చెప్పు" అంది. ఏం చెప్పాలని అడిగాను. "మాకు చెప్పింది చెప్పు" అంది.

నిన్న పోయాను. ఆ గడప ఎక్కేటప్పుడు నా చేతులు బస్సు తాళం పట్టినప్పటిలాగే చల్లబడ్డాయి. పెద్దమ్మాయి నా ముఖం చూడలేదు. రెండో తరగతి చదివే చిన్నది తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. నేను కింద కూర్చున్నాను. "ఆ దినం తప్పు నాది. మీరేం జెయ్యలే. నీళ్లు చూసి గూడ నేనే పోనిచ్చిన" అన్నాను.

"నీకు భయం గాలేదా?" అంది చిన్నది.

"అయింది. మస్తు భయమైంది. ఇప్పుడు గూడ అయితుంది."

"దేవుడు కాపాడిండు, భయపడద్దు అంటున్నరు."

"కాపాడిండు. భయం గూడ అయితది. భయమైతే కోపం జెయ్యడు, ఇంకింత దగ్గరికి తీసుకుంటడు."

చిన్నది ఇంకో మాట అడిగింది, "మల్ల నీళ్లు అస్తయా?"

"వానకాలం అస్తయి" అన్నాను. రావని చెబుతాననుకుందేమో, ఊర్మిల నా వైపు గట్టిగా చూసింది.

"అప్పుడు?"

"అప్పుడు బస్సు ఇవతలనే ఆగాలె. ఎవలు నడిపినా సరే. ఆగకపోతే నువ్వు లేచి ఆపుమని ఒర్రు."

"ఒర్రితే తిట్టరా?"

"తిట్టరు. తిడితే నేనే చెప్పిన అని చెప్పు. ఎంత గట్టిగ ఒర్రితే అంత మంచిది."

ఆ పిల్ల కొంగు వదిలేసింది. ఇంటి నడుమ నిలబడి, పిడికిళ్లు బిగించి, మెడ నరాలు లేచేలాగా, "ఆపూ" అని అరిచింది. పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. పెద్దమ్మాయి కూడా లేచి అరిచింది. ఇద్దరూ మళ్లీ మళ్లీ అరిచారు, గొంతు బొంగురుపోయేదాకా అరిచారు. ఊర్మిల వాళ్లను వారించలేదు. నేను ఆ ఇంటి నేల మీద, అందరి ముందు, తలదించుకోకుండా ఏడ్చాను.

నీ తమ్ముడు
సామేలు